కళ్ళ మీది బరకం

మా వీధి రామమందిరంలో ఏకాదశి నాడు పురాణం చదివేది నేను. మధ్యాహ్నం మూడింటికి మొదలుపెడతాం. మాది సాలూరు కాబట్టి ఆ వేళకి మా వీధిలో సగం ఇళ్ళ మగవాళ్ళు లారీలు తోలుకుంటూ ఘాటీ ఎక్కి, ఒడిశాలో ఎక్కడో ఉంటారు. ఆడవాళ్ళు పాతికమంది దాకా చాపల మీద చేరతారు. నేను పీట మీద కూర్చుని, వ్యాసపీఠం మీద పుస్తకం తెరిచి, పద్యం చదివి అర్థం చెప్తాను. మా నాన్న భజన బృందం నడిపేవారు. ఆయన పక్కన తాళాలు వాయిస్తూ కూర్చున్న రోజుల్లోనే సగం పురాణం నాకు నోటికి వచ్చేసింది. బడి చదువు ఎనిమిదితో ఆగిపోయింది గానీ, ఈ చదువు ఈనాటికీ ఆగలేదు.

మా మందిరంలో ఒక పద్ధతి ఉంది. పద్యానికి అర్థం చెప్పిన ప్రతిసారీ వినేవాళ్ళలో ఒకరు "ఊఁ" అనాలి. ఆ ఊఁ వస్తేనే చదివేవాళ్ళు ముందుకు వెళ్ళాలి. ఎవరూ వినకపోతే చదివినది దేవుడికి చేరదని మా నాన్న అనేవారు. ఇరవై ఏళ్ళుగా ఆ ఊఁ కొట్టేది బరకాల మామ్మ. ఆమె లారీల షెడ్లలో సరుకు మీద కప్పే బరకాలు కుట్టి బతికింది. అక్షరం ముక్క రాదు. ఎప్పుడూ మందిరం స్తంభానికి ఆనుకుని కూర్చుంటుంది.

నా కళ్ళ సంగతి యాభై దాటాక మొదలైంది. పైరెప్పల మీది చర్మం వదులై, కొంచెం కొంచెంగా కిందికి దిగింది. కనుబొమలు కూడా దిగాయి. మా అమ్మకీ ఇంతే. చివరి రోజుల్లో గడ్డం పైకెత్తి మనుషుల్ని చూసేది. కొత్తవాళ్ళు పొగరనుకునేవారు. నాకు ముందుగా బస్సుల మీది ఊరి పేర్లు పోయాయి. తర్వాత మందిరం గుమ్మంలో వేలాడే గంట పోయింది, అదీ నుదుటికి తగిలాకే తెలిసింది. ఇంట్లో ఎవరూ లేనప్పుడు రెప్పల మడత పైకి లాగి ప్లాస్టర్ ముక్క అంటించుకుని బియ్యంలో రాళ్ళు ఏరేదాన్ని. పుస్తకం వైపు కిందికి చూస్తే రెప్పలు ఇంకా కమ్మేసేవి. నుదురు ముడిచి, కనుబొమలు పైకి తోసి, అక్షరాలు పట్టుకునేదాన్ని. గంట చదివేసరికి నుదురంతా సలుపు. మడతల వల్ల కళ్ళ చివర ఎప్పుడూ తడి ఉండేది. ఆ తడి చదువుతుండగా చెంపల మీదికి జారేది.

చివరికి పుస్తకం చూడడం తగ్గించేశాను. గడ్డం పైకెత్తి, గుర్తున్న పద్యాలు గుర్తున్నట్టు చదివేసి, పేజీ మాత్రం అలవాటు కొద్దీ తిప్పేదాన్ని.

ఇప్పుడు చాపల మీద కూర్చున్నవాళ్ళకి కనిపించేది ఏమిటో ఆలోచించండి. సగం మూసిన కళ్ళు. పైకెత్తిన మొహం. పుస్తకం చూడకుండా వచ్చే పద్యం. చెంపల మీద కన్నీళ్ళు. భక్తి అంటే ఎలా ఉంటుందని నేనే ఏళ్ళ తరబడి ఆ పీట మీద నుంచి వర్ణించానో, సరిగ్గా అలా ఉన్నాను.

మొదట ఒకరిద్దరు పురాణం అయ్యాక నా కాళ్ళకి దండం పెట్టారు. పెద్దదాన్ని కదా, పెట్టారనుకున్నాను. తర్వాత అందరూ పెట్టడం మొదలుపెట్టారు. ఎదురింటి కోడలు నా ఫోటో తీసి, చుట్టూ పువ్వులు అంటించి, వాట్సాప్ స్టేటస్‌గా పెట్టింది. ఆమె భర్త లారీ డ్రైవరు. ఒక మంగళవారం ఉదయం ఆమె మా ఇంటికి వచ్చి, మా వైపు అక్కని పిలిచినట్టు అప్పా అని పిలిచి అడిగింది:

"అప్పా, మా ఆయన నిన్న రాత్రే దిగినాడు. మళ్ళీ ఈయాల లోడెత్తుతారట. ఎల్లమనీదా, వద్దా? నీ నోటితో ఒక మాట సెప్పప్పా."

"నిద్రపోయాడా?" అన్నాను.

"నేదప్పా. వచ్చినకాడి నుంచి ఫోనే."

"కడుపునిండా నిద్రపోయాక పంపు. అంతవరకు బండి తాళం నీ దగ్గర పెట్టుకో."

ఇది మా ఆయన మాట. ముప్పై ఏళ్ళు లారీ తోలి, ఇప్పుడు ఊరి చివర రెండు మళ్ళు చూసుకుంటున్న మనిషి మాట. నా నోట్లోంచి వచ్చేసరికి అది దేవుడి వాక్కు అయిపోయింది. అప్పటి నుంచి ప్రతి మంగళవారం ఇద్దరు, ముగ్గురు వచ్చేవారు. నేను కాదనలేదు. నిజం రాయాలి కాబట్టి రాస్తున్నాను, నాకు బాగుండేది. వాళ్ళు గుమ్మం ముందు చెప్పులు విప్పేటప్పుడు, ఆ చప్పుడు వింటే బాగుండేది.

ఒక రోజు ఎదురింటి కోడలు పిల్లని భుజాన వేసుకుని వచ్చింది. పిల్ల ఒళ్ళు కాలిపోతోంది.

"మూడు రోజులయిందప్పా. నువ్వు కూసింత కుంకం పెట్టీసి సెయ్యి ఏస్తే సాలు. డాక్టరు కాడికి ఎందుకని..."

నేను ఎప్పుడూ అరవని అరుపు అరిచాను. "బేగి తీసుకెళ్ళవే! నా చేతిలో ఏముంది?" మా ఆయన ఆ తల్లీబిడ్డల్ని బండి మీద ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకెళ్ళాడు. పిల్లకి నయమైంది. నాకు మాత్రం ఆ రోజే సంగతి అర్థమైంది. దేవుడి మీద పెట్టాల్సిన నమ్మకం నా రెప్పల మీద పెడుతున్నారు. అది తెలిసీ నేను ఊరుకుంటున్నాను.

అయినా చెప్పలేదు. తర్వాతి ఏకాదశికి మళ్ళీ పీట ఎక్కాను. ఆ రోజు మొసలి నోట చిక్కిన ఏనుగు కథ. నాకు ప్రాణమైన ఘట్టం. ఏనుగు బలం చాలక, చుట్టాలు వదిలేసి వెళ్ళిపోగా, తొండం ఎత్తి స్వామిని పిలుస్తుంది. పద్యం చదివాను, పేజీ తిప్పాను, కంటికి అందిన తర్వాతి పద్యం చదివాను, అర్థం చెప్పి ఆగాను.

ఊఁ రాలేదు.

మళ్ళీ చెప్పాను. రాలేదు.

"ఆగవే," అంది బరకాల మామ్మ. "మొసలి కాలు ఎప్పుడు ఒగ్గీసిందే?"

"ఇప్పుడే కదా మామ్మా. స్వామి వచ్చి..."

"సామి ఎక్కడొచ్చినాడే! సక్రం ఇంకా ఇసరనే నేదు. ఏనుగు ఇంకా నీల్లల్లో మొరెట్టుకుంటన్నాది. నువ్వు దాన్ని గట్టు మీదకి తెచ్చీసి నిలబెట్టీసినావు. మరింక సామికి పనేటి?"

ఎవరో కిసుక్కున నవ్వారు. ఎదురింటి కోడలికి కోపం వచ్చింది. "ఊరుకో మామ్మా! అప్పకి ఒళ్ళు తెలిస్తన్నాదేటి? ఆ కళ్ళు సూడు, ఎంత బత్తిలో ఉన్నాదో."

"బత్తీ నేదు, గిత్తీ నేదు. కళ్ళు కానక రెండు కాగితాలు ఒక్కపాలే తిప్పీసినాది. బతుకంతా బరకాలు కుట్టినాను. జారిపోయిన గుడ్డేదో, బిగించిన గుడ్డేదో నాకు తెల్దేటి?"

పేజీలు తడిమి చూసుకున్నాను. నిజమే. రెండు కలిసి ఉన్నాయి. విడదీసి, ఏనుగుని మళ్ళీ నీళ్ళలోకి దించి, మొదటి నుంచి చదివాను. అందరూ విన్నారు. అయ్యాక అందరూ కాళ్ళకి దండం కూడా పెట్టారు. మామ్మ ఒక్కతే పెట్టలేదు.

ఇంటికొచ్చి మా ఆయనకి చెప్పాను. ఆయన నవ్వలేదు.

"బండి అద్దం మీదకి బరకం జారితే, దేవుడే కప్పినాడులే అని తోలుకుంటా ఎల్లిపోతారేటే?" అన్నాడు. "దిగి సర్దుకోవాల. రెండేళ్ళ బట్టి సెప్తన్నాను, డాక్టరుకి సూపించమని."

"ఇది బండి కాదు. దేవుడిచ్చిన మొహం. దాన్ని కోయించుకోవడం..."

"కళ్ళజోడు దేవుడిచ్చినాడేటి? పన్ను పుచ్చితే పీకించుకున్నావు. అప్పుడు దేవుడు గుర్తు రానేదు. రెప్ప కాడికొచ్చీసరికి గుర్తొచ్చినాడు."

అసలు కారణం ఆయనకి తెలియనిది. ఆపరేషన్ చేయించుకోవడం అందం మీద మోజు అవుతుందని నేను భయపడుతున్నానని ఇన్నాళ్ళూ నాకు నేనే చెప్పుకున్నాను. మా గ్రంథాలన్నీ ఈ దేహం మీద మమకారం తగ్గించుకోమంటాయి, నేనే అందరికీ అర్థం చెప్తాను. కానీ ఆ సాయంత్రం దేవుడి గూటి ముందు కూర్చుంటే సంగతి వేరేగా కనిపించింది. కళ్ళు తెరుచుకుంటే చెప్పులు విప్పే చప్పుడు ఆగిపోతుంది. నేను వదల్లేకపోతున్నది అదే.

విజయనగరంలో కంటి ఆసుపత్రికి వెళ్ళాం. డాక్టరమ్మ మా అమ్మాయి వయసుది. గిన్నెలాంటి ఒక యంత్రంలో తల పెట్టించి, వెలుగు చుక్క కనిపించినప్పుడల్లా మీట నొక్కమన్నారు. తర్వాత రెప్పలని ప్లాస్టర్‌తో పైకి అంటించి అదే పరీక్ష మళ్ళీ చేశారు. ఇంట్లో నేను దొంగచాటుగా చేసుకునే పనే అక్కడ పరీక్ష అని తెలిసి సిగ్గూ నవ్వూ వచ్చాయి. రెండు కాగితాలు పక్కపక్కన పెట్టి డాక్టరమ్మ చూపించింది. మొదటి కాగితం పైభాగమంతా నల్లగా ఉంది. రెండో దానిలో ఆ నలుపు లేదు.

"రెప్ప మీది అదనపు చర్మం తీసేస్తే ఈ చూపు వస్తుందమ్మా. కానీ మీ కనుబొమలు కూడా దిగాయి. ఇన్నాళ్ళూ నుదుటితో వాటిని పైకి మోస్తున్నారు. రెప్ప ఒక్కటే సరిచేస్తే నుదురు ఆ మోత మానేస్తుంది. అప్పుడు కనుబొమ ఇంకొంచెం దిగవచ్చు."

అద్దం నా చేతికిచ్చి, బొటనవేళ్ళతో నా కనుబొమలు కొంచెం పైకి పట్టింది. అద్దంలో నేను ఎప్పుడో మర్చిపోయిన మనిషి కనిపించింది. బాగుంది. బాగుంది అనుకోగానే భయం వేసి అద్దం దించేశాను.

"ఇది అవసరమా తల్లీ, అందమా?" అని అడిగాను.

"రెప్ప అవసరమే. పరీక్షలో తేలింది. కనుబొమ మాత్రం కొంత అవసరం, కొంత అందం. ఎంత అవసరం, ఎంత అందం అంటే నేను చెప్పలేనమ్మా. మీరే ఆలోచించుకోండి." కనుబొమ మీద సన్నటి గీత ఉంటుందని, నుదురు కొన్నాళ్ళు తిమ్మిరిగా ఉండవచ్చని, రెండు వైపులా వెంట్రుకవాసి తేడా రావచ్చని, కళ్ళు కొంతకాలం పొడిబారవచ్చని ఏదీ దాచకుండా చెప్పింది.

రెప్పలకి ఒప్పుకున్నాను. కనుబొమల సంగతి తర్వాత చెప్తానని వచ్చేశాను. బస్సు రామభద్రపురం దాటాక మా ఆయన ఒక్క మాట అన్నాడు: "ఆ అద్దంలో నువ్వు నవ్వినావు, సూసుకున్నావా?"

మర్నాడు బరకాల మామ్మ ఇంటికి వెళ్ళాను. అరుగు మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. డాక్టరమ్మ చెప్పినదంతా చెప్పాను.

"రెప్ప సాలు మామ్మా, కనుబొమలు వద్దనుకుంటన్నాను. అది సోకు పని," అన్నాను. ఆమె దగ్గర కూర్చుంటే నా మాట కూడా ఆమె మాటలాగే అయిపోతుంది.

మామ్మ నా మొహాన్ని రెండు చేతులతో పట్టుకుని, బరకం చూసినట్టు అటూ ఇటూ తిప్పి చూసింది.

"సూడే. లోడు ముందు బరకం వేలాడతన్నాది. కుర్రోల్లు ఏటి సేస్తారు? వేలాడిన మడత కోసీమంటారు. నాను కోయను. ముందు పైన తాడు సూస్తాను. తాడు వదులుంటే ఎంత కోసినా ఘాటీ ఎక్కీలోపల మళ్ళీ జారతాది. పైన బిగించి, అప్పుడు మిగిలిన మడత కొయ్యాల. అది సోకు కాదే, పని. సగం పని సేసినోల్లని మా షెడ్డులో మళ్ళీ పిలవరు."

"అందంగా అయిపోతే?"

"అయితే అయ్యీ! నీ మొగుడు సూసుకుంటాడు. నీకెందుకా బాద?"

అంత నవ్వు నేను చాలా రోజులుగా నవ్వలేదు. నా ఆలోచన అక్కడే ముగిసింది. ఆ అరుగు మీద నుంచే డాక్టరమ్మకి ఫోన్ చేసి, రెండూ చేయమన్నాను. బాగుండడం వల్ల కలిగే సంతోషం తప్పయితే దేవుడు నాకు నేరుగా చెప్తాడు, అప్పుడు వింటాను.

ఇంకొక పని మిగిలింది. ఆపరేషన్‌కి ముందు వచ్చిన ఏకాదశి నాడు పీట ఎక్కలేదు. అందరితో పాటు చాప మీదే కూర్చుని చెప్పాను. నా కళ్ళు మూతపడేది భక్తి వల్ల కాదని, చర్మం జారిపోవడం వల్లనని, ఆ కన్నీళ్ళు కన్నీళ్ళు కావని, మంగళవారం నేను చెప్పినవన్నీ మా ఆయన లారీ మాటలేనని చెప్పాను. మీరు పొరబడుతున్నారని తెలిసీ ఊరుకున్నాను, క్షమించండి అన్నాను.

వెనక కూర్చున్న ఒకామె చేతులు జోడించింది. "సూసినారా? ఎంత ఇనయమో! పెద్దోల్లు తమ గొప్ప తాము సెప్పుకోరు."

అవునవునని అందరూ తలలూపారు. ఎదురింటి కోడలు కళ్ళు తుడుచుకుంటూ నా కాళ్ళ మీదికి వంగబోయింది. నిజం చెప్తే ఇంకా పెద్దదాన్ని అయిపోతానని నేను అనుకోలేదు. ఏం చేయాలో తోచక, సంచిలోంచి ప్లాస్టర్ తీసి, రెండు ముక్కలు చింపి, అందరి ముందూ రెప్పలు పైకి లాగి అంటించుకున్నాను. కళ్ళు రెండూ పెద్దవి చేసి అందరి వైపూ చూశాను.

"ఓలమ్మ!" అంది ఎదురింటి కోడలు, వంగినది వంగినట్టే ఆగిపోయి. "అప్ప కళ్ళు ఇంత పెద్దవేటి!"

"గుడ్లగూబలాగ ఉన్నావే," అంది మామ్మ. అంతే, మందిరం నవ్వుతో నిండిపోయింది. నాకూ నవ్వు ఆగలేదు. నవ్వుతుంటే ఒక ప్లాస్టర్ ఊడి, ఒక కన్ను మూతపడింది. దాంతో ఇంకా నవ్వారు. ఆ రోజు వెళ్ళేటప్పుడు ఎవరూ కాళ్ళకి దండం పెట్టలేదు. "జాగ్రత్తప్పా," "బొట్టు తీసీమంటారేమో, సూసుకో," "కారం తినకు" అని చేతులు పట్టుకుని చెప్పారు. నాకు కావలసింది ఇదేనని అప్పటిదాకా తెలియలేదు.

బొట్టు తీయమన్నారు, నిజమే. మా ఆయన దాన్ని తీసి తన చేతి గడియారం అద్దం మీద అంటించుకుని బయట కూర్చున్నాడు. డాక్టరమ్మ నన్ను కూర్చోబెట్టి పెన్నుతో రెప్పల మీద, కనుబొమల పైన గీతలు గీసింది. మత్తు ఆ భాగానికే ఇచ్చారు. నొప్పి లేదు, ఎవరో లాగుతున్నట్టు మాత్రం తెలుస్తోంది. నేను లోపల ఏనుగు మొర పద్యాలు మొదలుపెట్టాను. లోపలే అనుకున్నాను గానీ బయటికే వచ్చాయట.

"అమ్మా, చదువుకోండి. కానీ నుదురు కదపకండి," అంది డాక్టరమ్మ.

నుదురు కదపకుండా ఆ పద్యాలు చదవడం కొన్నేళ్ళలో అదే మొదటిసారి.

తర్వాత వారం పది రోజులు నేను చూడదగ్గట్టు లేను. కళ్ళ చుట్టూ నేరేడు పండు రంగు, వాపు. ఐస్ ముక్కలు గుడ్డలో చుట్టి పెట్టుకోవడం, చుక్కల మందు వేసుకోవడం, నల్ల కళ్ళజోడు. "నీకు సినిమా ఛాన్సు ఒచ్చీసినాది," అన్నాడు మా ఆయన. కుట్లు తీశాక కూడా ఎడమ కనుబొమ కుడిదానికంటే ఒక వెంట్రుక పైన ఉంది. ఇప్పటికీ ఉంది. నుదురు తాకితే ఇంకా కొంచెం మొద్దుగా ఉంటుంది. కానీ సలుపు లేదు. పొద్దున్న లేవగానే మొహంలో మోయాల్సినది ఏదీ ఉండదు. వంటింట్లో నిలబడి పై అరలో డబ్బాలని తల ఎత్తకుండా చూస్తే, చూడగలిగినందుకే దండం పెట్టుకున్నాను.

ఎదురింటి కోడలు ఒక మంగళవారం మళ్ళీ వచ్చింది. మళ్ళీ మొదలైందనుకున్నాను.

"అప్పా, మా ఆయన రేపు రాయపూర్ ఎల్తన్నాడు."

"నాకేమీ తెలీదమ్మా. ఆ రోజు చెప్పాను కదా."

"తెల్దని తెలుసప్పా. నిద్రపోతన్నాడు. తాళం నా కాడే ఉన్నాది. నీకు సెప్దామని వచ్చినానంతే. టీ పెట్టీయవా?"

ఇద్దరం టీ తాగాం. పిల్ల నా ఒళ్ళో కూర్చుని నా కనుబొమ మీది గీతని వేలితో రాసింది.

నెల తర్వాత ఏకాదశికి పీట ఎక్కాను. క్రితం రెండుసార్లు పురాణం సాగలేదు కాబట్టి ఏనుగు ఇంకా గట్టుకి చేరలేదని మామ్మ లెక్క. పేజీలు కలిసిపోయిన నాడు నేను మళ్ళీ చదివినదాన్ని ఆమె ఒప్పుకోలేదు, "బెదిరిపోయి సదివినావు" అంది. అందుకని అక్కడి నుంచే మొదలుపెట్టాను. పుస్తకం వైపు చూశాను. పై వరస నుంచి కింది వరస దాకా అక్షరాలన్నీ ఉన్నాయి. ఇన్నేళ్ళూ నోటికి వచ్చుననుకుని చదివిన పద్యంలో ఒక మాట నేను తప్పుగా చదువుతున్నానని కూడా ఆ రోజే తెలిసింది. దిద్దుకుని చదివాను. ఏనుగు పిలిచింది. స్వామి ఉన్నవాడు ఉన్నట్టే, ఎవరికీ చెప్పకుండా బయలుదేరాడు. చక్రం వచ్చింది. మొసలి కాలు వదిలింది.

అర్థం చెప్పి ఆగాను. తల ఎత్తలేదు, కళ్ళు మాత్రం ఎత్తాను. స్తంభం దగ్గర మామ్మ నన్నే చూస్తోంది. పెదాలు బిగించి, కుట్టు పరీక్షించినట్టు చూసింది.

"ఊఁ," అంది.

నేను బొటనవేలు తడి చేసుకుని, జాగ్రత్తగా, ఒక్క పేజీ తిప్పాను.